తాళం వేసినట్టే ఉంది

ఆ ఎండాకాలం మా ఇంటి నుంచి పోయింది ఒక్క లాప్‌టాప్. దానికి వేసిన తాళం మాత్రం చెక్కుచెదరకుండా ఇప్పటికీ మా దగ్గరే ఉంది. నాన్నది తాళాల షాపు కావడంతో ఈ సంగతి వీధిలో ఎవరికి చెప్పినా ముందు నవ్వొచ్చేది, జాలి ఆ తర్వాత. వాళ్ళనేమీ అనుకోను. పోయింది మా చెల్లి లాప్‌టాప్ కాకపోయుంటే నేనూ పడీ పడీ నవ్వేదాన్నే.

షాపు మార్కెట్ వీధి మలుపులో ఉంటుంది. ఇద్దరు ఒకేసారి కొనడానికొస్తే ఒకరు బయట నిలబడాలి, అంత ఇరుకు. గోడల నిండా తాళాలు, పైనుంచి వేలాడే సైకిలు గొలుసులు, మూలన తాళంచెవులు కోసే మిషను. మిషను దగ్గర నేను, కౌంటర్ దగ్గర నాన్న. చదువు నాకు అబ్బలేదు, చెల్లినేమో వదల్లేదు. అది యూనివర్సిటీలో కప్పల మీద పరిశోధన చేసేది. వానాకాలం వచ్చిందంటే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేతిలో రికార్డరు పట్టుకుని కుంటల చుట్టూ తిరిగేది. "తండ్రేమో తాళంకప్పలు, కూతురేమో చెరువుకప్పలు. నా ఖర్మ," అని అమ్మ నెత్తి కొట్టుకునేది. వీధిలో వాళ్ళయితే డాక్టరేట్ రాకముందే దానికి కప్పల డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అది లాప్‌టాప్ చంకన పెట్టుకుని షాపుకొచ్చింది. కొనేవాడు లేడు, కరెంటు లేదు. నాన్న అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"నాన్నా, ఒకటి వినిపిస్తా. మాట్లాడకుండా వినాలి," అంది.

మొదట వాన చప్పుడు. తర్వాత ఎక్కడో దూరంగా, గాజుగ్లాసు అంచుని చెంచాతో మెల్లగా తట్టినట్టు ఒక శబ్దం. ఆగింది. మళ్ళీ తట్టింది. నాన్న చేతిలో అట్టముక్క ఆగిపోయింది.

"ఇది కప్పా?"

"కప్పే. ఇటుకల బట్టీ వెనక కుంటలో దొరికింది."

"ఏం కప్ప?"

"పేరు లేదు నాన్నా. ఏ పుస్తకంలోనూ ఈ అరుపు లేదు. మా మేడమ్ కూడా ఎప్పుడూ వినలేదంట. నేనే పేరు పెట్టాలేమో." ఆ మాట అనేటప్పుడు దాని ముఖం చూడాలి. చిన్నప్పుడు క్లాసులో ఫస్టొచ్చినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

"మళ్ళీ పెట్టు," అన్నాడు నాన్న.

మళ్ళీ పెట్టింది. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. తాళం లోపల పిన్నులు సరిగ్గా పడుతున్నాయో లేదో వినేటప్పుడు కూడా అలాగే మూసుకుంటాడు.

"అలాంటిదొకటి పట్టుకొచ్చి ఇంట్లో పెంచకూడదూ?" అన్నాను నేను.

"ఎక్కణ్ణుంచి తెస్తానక్కా? ఆ కుంట పూడ్చేశారు. గోడౌన్ కడుతున్నారు. చుట్టుపక్కల కుంటలన్నీ తిరిగాను, ఎక్కడా వినపడలేదు."

"అంటే ఈ అరుపు ఇదొక్కటేనా ఉంది?" అన్నాడు నాన్న.

"ఒక్కటే."

"మంచిదే. జాగ్రత్తగా పెట్టుకో."

మంచిదే అని ఎందుకన్నాడో మా ఇంటి సంగతి తెలిస్తే గానీ అర్థం కాదు. ఊరందరికీ డూప్లికేట్ తాళంచెవులు కోసిచ్చే నాన్న, మా ఇంట్లో మాత్రం దేనికీ డూప్లికేట్ ఉండనివ్వడు. ఇంటి తాళంచెవి ఒక్కటే, అది అమ్మ దగ్గర ఉంటుంది. అమ్మ ఎక్కడైనా కబుర్లలో పడిందంటే మేమంతా మెట్ల మీద అనాథల్లా కూర్చోవాల్సిందే. ఎప్పుడో నా చిన్నతనంలో ఎవడో ఒకడు తన ఇంటి తాళంచెవి పోయిందని చెప్పి, సబ్బు మీద అచ్చు తెచ్చి నాన్న చేత చెవి కోయించుకున్నాడట. ఆ చెవితో వేరే ఇల్లు దోచాడు. నాన్నని స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి, "రెండోది చేయించావంటే అది దొంగ కోసం చేయించినట్టే," అంటాడు. మేం ఆ మాట వింటూ పెరిగాం. చెల్లి స్నేహితురాలొకతె రాసుకున్నదంతా ఎవరో కాపీ చేసుకుని తమ పేరుతో అచ్చేయించుకున్నాక, నాన్న మాట దానికి ఇంకా బాగా ఎక్కింది. ఇంకో చోట కూడా ఒక కాపీ దాచుకోమని వాళ్ళ మేడమ్ చెప్పినప్పుడల్లా సరేనని తలూపి వచ్చేసేది. రికార్డరులోది లాప్‌టాప్‌లోకి ఎక్కించగానే రికార్డరు తుడిచేసేది.

మొదట్నుంచీ ఆ లాప్‌టాప్ దాని ఒంట్లో భాగంలా ఉండేది. టీకి వెళ్ళినా చంకలోనే, బాత్రూమ్‌కి వెళ్ళినా చంకలోనే. డిపార్ట్‌మెంట్‌లో అందరూ, "బిడ్డ పాలు తాగిందా?" అని ఏడిపించేవారట. తర్వాత అక్కడ వరసగా దొంగతనాలు మొదలయ్యాయి. ఒకరి ఫోను, ఒకరి బ్యాగు. ఆ సంగతి విన్న నాన్న మర్నాడే ఒక కేబుల్ లాక్ తెచ్చాడు.

పెన్సిలంత లావు స్టీలు తీగ, మీద నల్లటి తొడుగు. ఒక చివర ఉచ్చు, రెండో చివర బొటనవేలంత తాళం. తీగని బల్ల కాలికి చుట్టి, తాళాన్ని ఉచ్చులోంచి లాగి, లాప్‌టాప్ పక్కనుండే చిన్న గాడిలో దాని తల దూర్చి చెవి తిప్పితే, లోపల అడ్డం తిరిగి పట్టుకుంటుంది. ఇక లాప్‌టాప్ ఎక్కడికీ పోదు. కొనేవాళ్ళకి చూపించడానికని నాన్న కౌంటర్‌కి ఒక ఇనుప రేకు బిగించి, దానికి అలాంటి గాడి కోశాడు.

నాన్న ఏ తాళాన్నీ మాటలతో అమ్మడు. లాగించి అమ్ముతాడు. "లాగండి. మీ బలమంతా పెట్టి లాగండి," అంటాడు. కొనేవాడు గోడకి కాలు తన్నిపెట్టి మరీ లాగి, చెయ్యి నొప్పెట్టాక డబ్బులిచ్చి తీసుకెళతాడు. ఆ రోజు రేకుకి బిగించిన కేబుల్‌ని చెల్లి లాగింది. నేను లాగాను. అన్నం క్యారియరు తెచ్చిన అమ్మ చేత కూడా లాగించాడు.

"చూశావా? నీ బరువు మోస్తోంది, లాప్‌టాప్ ఒక లెక్కా?" అన్నాడు.

"నా బరువు గురించి బజార్లో చెప్పాలా?" అంది అమ్మ.

అందరం నవ్వాం. తాళం నిజంగానే మంచిది. మేం లాగింది ఇనుప రేకు మీద. అవతలి వైపు నిజం లాప్‌టాప్ పెట్టి లాగి చూద్దామని ఎవరికీ తట్టలేదు. ఉన్న ఒక్క లాప్‌టాప్‌నీ ఎవరు లాగి చూస్తారు?

ప్యాకెట్లో రెండు తాళంచెవులొచ్చాయి. నాన్న రెండోదాన్ని అక్కడికక్కడే మిషను మీద పెట్టించి, నా చేతే దాని పళ్ళన్నీ అరగదీయించాడు. మిగిలినదాన్ని చెల్లి చేతిలో పెట్టి, "ఇక నిశ్చింతగా ఉండు తల్లీ," అన్నాడు.

అది అలాగే నిశ్చింతగా ఉంది. తాళం లేకుంటే ఏమయ్యేదో గానీ, తాళం ఉందన్న ధీమాతో మొదటిసారి ఆ బిడ్డని చంకలోంచి దింపింది. టీకి చేతులూపుకుంటూ వెళ్ళేది. మేడమ్ గదికి వెళితే తీరిగ్గా కూర్చుని వచ్చేది. భుజం నొప్పి తగ్గిందక్కా అని నాతో చెప్పింది కూడా.

ఇంకొన్నాళ్ళకి షాపుకి ఫోనొచ్చింది. నేనే ఎత్తాను.

"అక్కా, నాన్నని తీసుకుని రా," అంది చెల్లి. ఏడవడం లేదు. ఏడ్చుంటే నాకు అంత భయమేసేది కాదు.

వాళ్ళ గది పొడుగాటిది. వరసగా ఇనుప బల్లలు, వాటి కాళ్ళు నేలకి బోల్టులతో బిగించి ఉన్నాయి. చెల్లి బల్ల మీద మంచినీళ్ళ సీసా, పెన్ను, దుమ్ములో లాప్‌టాప్ ఆకారం. బల్ల కాలికి కేబుల్ చుట్టినట్టే ఉంది. తాళం వేసినట్టే ఉంది. తాళం తలకి గోరంత నల్లటి ప్లాస్టిక్ ముక్క అతుక్కుని వేలాడుతోంది. అది లాప్‌టాప్ గాడి. దొంగ తాళం జోలికే వెళ్ళలేదు. లాప్‌టాప్‌ని రెండు చేతులతో పట్టుకుని ఒక మెలి తిప్పాడంతే, అంచు విరిగి ఊడొచ్చింది.

పక్క బల్ల అబ్బాయి బిక్కమొహం వేసుకుని, "ఎవరో వంగి ఏదో చేస్తున్నాడండీ. రిపేరుకొచ్చాడేమో అనుకున్నాం," అన్నాడు.

నాన్న మోకాళ్ళ మీద కూర్చుని కేబుల్‌ని చేత్తో తడిమాడు. ఒకసారి లాగాడు. ఇంకోసారి గట్టిగా లాగాడు. బల్ల కాలు కిర్రుమంది, తాళం కదల్లేదు.

"తాళం పట్టు వదల్లేదు," అన్నాడు, ఎవరితోనో తెలీదు.

"అవును నాన్నా. తాళం బాగానే ఉంది," అంది చెల్లి.

దాని గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. తండ్రికి ధైర్యం చెప్పింది, అంతే. వాళ్ళిద్దరిలో ఎవర్ని ముందు పట్టుకోవాలో తెలీక నేను ఆ మంచినీళ్ళ సీసాకి మూత బిగిస్తూ నిలబడ్డాను. అంత చేతకానిదాన్నని నాకు ఆ రోజే తెలిసింది.

ఉచ్చులోంచి లాగితే కేబుల్ ఇట్టే చేతికొచ్చేసింది. నాన్న దాన్ని చుట్టచుట్టి, ప్లాస్టిక్ ముక్క రాలిపోకుండా రుమాల్లో పెట్టుకుని స్టేషన్‌కి తెచ్చాడు. అక్కడ బల్ల దగ్గర కానిస్టేబుల్ ఫిర్యాదు రాసుకుంటున్నాడు.

"తాళం వేశారా?"

"వేశామండీ."

"పగలగొట్టాడా?"

"లేదండీ. ఇదిగో, ఇదే."

కానిస్టేబుల్ రుమాలు విప్పి చూశాడు. "ఇది వేసే ఉందిగా."

"వేసే ఉందండీ."

"కోశాడా?"

"కోయలేదండీ. చాలా గట్టి తాళం. నేనే తెచ్చాను. నాది తాళాల షాపు."

కానిస్టేబుల్ పెన్ను పక్కన పెట్టి నాన్నని, తర్వాత మమ్మల్ని చూశాడు. "తాళం పగలలేదు, తీగ తెగలేదు, చెవి మీ దగ్గరే ఉంది. మరి వస్తువెలా పోయిందని రాయమంటారు?"

నాన్న రుమాలు అంచులు సర్దాడు. చివరికి చెల్లే, "లాప్‌టాప్ విరిగిందండీ. తాళం కాదు, లాప్‌టాప్ విరిగింది," అని చెప్పింది. అతను అలాగే రాసుకున్నాడు. దొరికితే కబురు పెడతామన్నాడు. పాపం, మంచిగానే చెప్పాడు. దొరకదన్న సంగతి ఆ మంచితనంలోనే తెలిసిపోయింది.

తర్వాత మేం తిరగని చోటు లేదు. పాత కంప్యూటర్లు కొనే షాపులన్నిటికీ ఆ ప్లాస్టిక్ ముక్క చూపించాం. ఒక షాపు ముసలాయన చెల్లికి స్టూలు వేసి కూర్చోబెట్టి, "దొంగసొత్తు చేతులు మారేలోపే లోపలున్నదంతా తుడిచేస్తారమ్మా. లాప్‌టాప్ దొరికినా నీ సరుకు దొరకదు," అన్నాడు. అయినా అది ఊరుకోలేదు. డిపార్ట్‌మెంట్ గోడల మీద, బస్టాపుల్లో కాగితాలు అంటించింది. లాప్‌టాప్ మీరే ఉంచుకోండి, అందులో ఉన్న కప్పల అరుపులు మాత్రం ఇవ్వండి అని రాసింది. బస్టాపులో ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని చదివి, బెకబెకమని అరుచుకుంటూ బస్సెక్కడం నేను చూశాను. ఇంటికొచ్చి చెప్పలేదు.

థీసిస్ కోసం రాసిన పేజీలు మేడమ్ దగ్గర ఉన్నాయి. మామూలు కప్పల అరుపులు ఈ వానాకాలంలో మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. గడువు పెంచుతారు. ఎటొచ్చీ ఆ ఒక్క కప్పే. దాని అరుపు వినిపించకుండా కొత్త కప్ప ఉందని రాస్తే నలుగురూ నవ్వుతారని, ఆ అధ్యాయం తీసేయమని మేడమ్ చెప్పింది.

"తీసేస్తావా?" అన్నాను.

"తీసేయక? నేను విన్నాను అంటే సరిపోదక్కా."

"మేమూ విన్నాం కదే!"

"నాన్నా అక్కా విన్నారని రాయనా?" అని నవ్వింది.

షాపులో నాన్న లాగించడం మానేశాడు. కౌంటర్‌కి బిగించిన ఇనుప రేకు ఊడదీశాడు. కేబుల్‌ని మాత్రం మిషను పైన మేకుకి తగిలించాడు. తాళం తెరవడు, తెరవనివ్వడు. తెరిస్తే ఆ ముక్క రాలిపోతుంది. ఒకావిడ వచ్చి తన కొడుక్కి లాప్‌టాప్ తాళం కావాలంది.

"ఇది గట్టిదేనా అండీ?"

"తాళం గట్టిదేనమ్మా. దాని అవతల ఉన్నది ఎంత గట్టిదో నాకు తెలీదు."

ఆవిడ నావైపు అయోమయంగా చూసి వెళ్ళిపోయింది. క్యారియరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఇది విని, "ఇలా వేదాంతం చెబుతూ కూర్చుంటే షాపుకి కూడా ఒక తాళం వేసెయ్," అంది. అన్నాక నాలిక కరుచుకుంది. నాన్న మాత్రం విననట్టే క్యారియరు అందుకున్నాడు.

వానలు ఆలస్యంగా వచ్చాయి. మొదటి వాన పడ్డ సాయంత్రం ఇంటి వెనక ఖాళీ స్థలంలో నీళ్ళు నిలిచాయి. చీకటి పడకముందే కప్పలు అందుకున్నాయి. నాన్న వంటింటి తలుపు బార్లా తెరిచి, "చిన్నదానా! రికార్డరు తీసుకురా, త్వరగా!" అని కేకేశాడు.

చెల్లి పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఇవి మామూలువి నాన్నా. ఊరంతా ఉంటాయి," అంది.

"అన్నీ మామూలువేనా? సరిగ్గా విను."

అది సరిగ్గా విన్నట్టు ఇంకాసేపు నిలబడింది. నాన్న కోసమే నిలబడింది.

మర్నాడు నాన్న నా దగ్గరికొచ్చి, ఫోన్లో రికార్డు చేయడం నేర్పమన్నాడు. ఎర్ర చుక్క నొక్కితే మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది అని చూపించాను. ఇక ఆ వానాకాలమంతా, వాన పడితే చాలు, షాపు నాకొదిలేసి నా ఫోను, గొడుగు పట్టుకుని ఇటుకల బట్టీ వైపు వెళ్ళిపోయేవాడు. కుంట ఉన్నచోట ఇప్పుడు గోడౌన్ ఉంది. దాని వెనక గోడకీ రోడ్డుకీ మధ్య చిన్న కాలవలాంటిది మిగిలింది. అక్కడ నిలబడేవాడు. వాచ్‌మన్ మొదట తరిమాడట, తర్వాత కుర్చీ వేశాడట.

తడిసి ఇంటికొచ్చాక, తల కూడా తుడుచుకోకుండా ఫోను చెల్లికిచ్చేవాడు. డిపార్ట్‌మెంట్ వాళ్ళిచ్చిన పాత లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అది మొదట్నుంచి చివరిదాకా వినేది. మధ్యలో ఎప్పుడూ ఆపేది కాదు. నాన్న దాని ముఖం వైపే చూస్తూ నిలబడేవాడు.

"అదేనా?"

"కాదు నాన్నా."

"సరే. రేపు చూద్దాం."

కప్పలు ఆరుబయట అంతలా అరుస్తుంటే, వినపడని ఆ ఒక్క కప్ప కోసం నాన్న తడవడం, చెల్లి వినడం చూసి నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చేవి. "ఎన్నాళ్ళిలా? అది ఇక లేదని నాన్నకి తేల్చి చెప్పెయ్యవే," అని ఒకరోజు చెల్లి మీద విరుచుకుపడ్డాను.

"ఆయనకి తెలీదంటావా?" అంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం నాన్న మామూలుగానే ఫోను తెచ్చిచ్చి, చెప్పులు విప్పుకోవడానికి గుమ్మం దాకా వెళ్ళాడు. చెల్లి వింటోంది. ఉన్నట్టుండి దాని చెయ్యి నోటికడ్డం వెళ్ళింది. దొరికిందేమోనని హెడ్‌ఫోన్ ఒకవైపు లాక్కుని నా చెవికి పెట్టుకున్నాను.

సన్నటి జల్లు. లారీ హారన్. ఎవరో దగ్గారు, వాచ్‌మన్ అయ్యుంటాడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆపైన, ఫోను ఆన్‌లో ఉందని మరిచిపోయినట్టు, నాన్న గొంతు. చంటిపిల్లకి ముద్ద పెట్టేటప్పుడు బతిమాలినట్టు, "అరవమ్మా. ఒక్కసారి అరవమ్మా. నా బంగారు కదూ," అంటున్నాడు. మళ్ళీ జల్లు.

నాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఉందా?"

చెల్లి హెడ్‌ఫోన్లు తీసింది. "లేదు నాన్నా."

"సరేలే. తీసెయ్ అయితే."

అది తీసేయలేదు. తెర వైపే చూస్తూ, "ఇది ఉంచుకుంటాను," అంది.

"అందులో ఏముందే ఉంచుకోడానికి?"

నాన్న మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"ఉంచుకుంటే ఒక్కచోటే ఉంచకు తల్లీ," అన్నాడు. "రెండు చోట్ల పెట్టు."